పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: సీటు మీద గుర్రాలు, సీటు కింద ఆనవాళ్లు

ప్రశ్న: నేను ఇరవై ఏళ్లుగా టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటున్నాను. గుంటూరులో చదువుకునే రోజుల్లో గోడ క్యాలెండర్ మీద చూసిన 1966 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్‌ను ఎప్పటికైనా కొనాలన్న కోరిక ఇన్నాళ్లకు తీరేలా ఉంది. నేను చూసిన బండి ఎర్రది, లోపల అంతా నలుపు, సీట్ల వీపు మీద పరుగెత్తే గుర్రాల బొమ్మలు ఉన్నాయి. ఇది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ‘పోనీ ఇంటీరియర్’ అనీ, లోపలిదంతా అసలు సరుకే అనీ, పదేళ్ల కిందట బండిని పూర్తిగా పునరుద్ధరించామనీ చెబుతూ అమ్మేవారు మామూలు బండికంటే బాగా ఎక్కువ అడుగుతున్నారు. రుజువుగా తలుపు అంచున ఉన్న రేకు చూపించారు. దాని మీద 76బి, 66 అని ఉంది. ఈ మాటలు ఎంతవరకు నమ్మవచ్చు? ఏమేం చూడాలి?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: అమ్మేవారు మీతో చెప్పిన రెండు మాటలు ఒకదాని పక్కన ఒకటి నిలబడవు. లోపలిదంతా అసలు సరుకే అయితే పూర్తిగా పునరుద్ధరించినట్లు కాదు, పూర్తిగా పునరుద్ధరించి ఉంటే లోపలిదంతా అసలు సరుకు కాదు. ఆయన అబద్ధమాడుతున్నారని నేను అనడం లేదు. ఈ వ్యాపారంలో ‘ఒరిజినల్’ అన్న మాటను ఎవరికి తోచిన అర్థంలో వారు వాడుతుంటారు. మీకు మాత్రం మూడు సంగతులు విడివిడిగా తెలియాలి. 1966లో ఫ్యాక్టరీలో బిగించిన సీట్లు, తలుపు పలకలు నేటికీ అలాగే ఉండటం ఒకటి. ఫ్యాక్టరీలో ఆ అలంకరణతోనే తయారై, పాడైపోయాక అదే నమూనాలో కొత్త సరుకుతో మళ్లీ చేయించుకోవడం రెండవది. సాదా సీట్లతో పుట్టిన బండికి తర్వాతెప్పుడో గుర్రాల తొడుగులు తెచ్చి వేయడం మూడవది. మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కానీ మూడింటికీ ఒకే ధర పెట్టకూడదు. మీ బండి మొదటి రకం కాదని ఆయన మాటల్లోనే తేలిపోయింది కాబట్టి, అది రెండవదా మూడవదా అన్నదే మీరు తేల్చుకోవలసింది.

ఫోర్డ్ 1966 మోడల్ సంవత్సరంలో 72,119 మస్టాంగ్ కన్వర్టిబుళ్లు తయారు చేసింది. వాటిలో సాదా బకెట్ సీట్లవి 56,409, పొడవాటి బెంచి సీటువి 3,190, గుర్రాల అలంకరణ ఉన్నవి 12,520 మాత్రమే. అంటే ఆరింటిలో ఒకటి అనుకోవచ్చు. ఈ బండికి అవసరమైన దాదాపు ప్రతి వస్తువునూ, సీటు తొడుగు మొదలు తలుపు పిడి వరకు, అచ్చం పాతదానిలా కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. విడిభాగాలు ఇంత సులభంగా దొరకడం మస్టాంగ్ కొనేవారి అదృష్టమే, మోసపోయేవారికి మాత్రం అదే ముప్పు. కాబట్టి కంటికి ఇంపుగా కనిపించే భాగాల దగ్గర ఎక్కువసేపు నిలబడకండి.

తలుపు రేకు విషయానికి వద్దాం. దాని మీద ‘బాడీ’ అన్న గడిలో 76 అంటే కన్వర్టిబుల్, వెంట వచ్చే ఎ అంటే సాదా బకెట్ సీట్లు, బి అంటే ఖరీదైన గుర్రాల అలంకరణ, సి అంటే బెంచి సీటు. లోపలి అలంకరణ రంగును చెప్పే ‘ట్రిమ్’ గడిలో 26 సాదా నలుపు, 66 ఖరీదైన నలుపు. మీరు చెప్పిన అంకెలు రెండూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. అయితే ఆ రేకును కోరిన అంకెలతో కొత్తగా అచ్చొత్తించుకోవడం కష్టమేమీ కాదు, పైగా అది తలుపుకు బిగించి ఉంటుంది, తలుపు ఒక బండి నుంచి మరో బండికి మారగలదు. రేకును బిగించిన రివెట్లు కొత్తగా మెరుస్తున్నాయా, రేకు కింద ఉన్న రంగుకూ చుట్టూ ఉన్న రంగుకూ తేడా ఉందా చూడండి. తర్వాత బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు చక్రం మీదుగా ఉండే లోపలి రేకు మీద పోటుతో గుద్దిన గుర్తింపు సంఖ్యను చదవండి. అది 6తో మొదలవ్వాలి, రెండవ అక్షరం ఫ్యాక్టరీని చెబుతుంది, ఆ తర్వాత 08 ఉండాలి. అక్కడ 07 ఉంటే ఆ బండి గట్టి కప్పుతో పుట్టింది, ఎవరో కప్పు కోసి కన్వర్టిబుల్ చేశారన్నమాట. ఇక సీట్ల సంగతి అడగనే అక్కర్లేదు, ఆ బండి జోలికే వెళ్లకండి. ఈ సంఖ్యా తలుపు రేకు మీదిదీ మీకిచ్చే టైటిల్ (యాజమాన్య పత్రం) మీదిదీ మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటై ఉండాలి.

1967, ఆ తర్వాతి ఫోర్డ్ బండ్లకైతే ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా ‘మార్టీ రిపోర్ట్’ అనే పత్రం డబ్బు చెల్లించి తెప్పించుకోవచ్చు, అందులో ట్రిమ్ సంకేతంతో సహా అన్నీ ఉంటాయి. 1966 బండికి ఆ సౌకర్యం లేదు. అందుకే మీరు చూసిన బండికి సాక్ష్యం బండిలోనే వెతుక్కోవాలి.

మొదటి సాక్ష్యం తలుపుల దగ్గర దొరుకుతుంది. ఖరీదైన అలంకరణలో చేయి ఆనించే దిమ్మ తలుపు పలకతో కలిసి ఒకే ముక్కగా ఉంటుంది, తెరిచే పిడి పిస్తోలు పిడి ఆకారంలో ఉంటుంది, పలక అడుగున తలుపు తెరవగానే వెలిగే చిన్న దీపం ఉంటుంది. సాదా బండిలో చేతి దిమ్మ విడిగా స్క్రూలతో బిగించినది, తలుపులో దీపం ఉండదు. అమ్మేవారి అనుమతితో ఒక తలుపు పలకను విప్పించండి. అరగంట పని. దీపం తీగ వెళ్లే రంధ్రం అంచులు నున్నగా ఉండి పాత రంగు లోపలివరకు అంటుకుని ఉన్నాయా, లేక డ్రిల్లు వేసినట్లు గరుకుగా, రంగు చెదిరి ఉన్నాయా చూడండి. ఇప్పుడు దేనికీ పనికిరాకుండా పలక వెనుక దాగిన స్క్రూ రంధ్రాలు కనిపిస్తే, ఒకప్పుడు అక్కడ ఏం బిగించి ఉండేదో ఆరా తీయండి. పలక విప్పడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర మామూలు బండి ధరకు మించి ఒక్క డాలరు కూడా ఎక్కువ పెట్టవద్దని నా సలహా.

రెండవ సాక్ష్యం రంగు. ఈ బండిలో డాష్‌బోర్డు లోహపు భాగాలకూ తలుపుల పైభాగంలో కనిపించే లోహానికీ లోపలి అలంకరణకు తగిన రంగు వేసేవారు. తర్వాత రంగు మార్చినవారు కనిపించే చోటంతా మారుస్తారు గాని గ్లోవ్ బాక్స్ విప్పి దాని వెనుక, డాష్ మీది మెత్త అంచు కింద, ముందు కాళ్ల పక్కనుండే పలకల వెనుక మార్చడం అరుదు. చిన్న టార్చి, పొడవైన పిడికి అమర్చిన చిన్న అద్దం తీసుకెళ్లండి. నేను ఒకసారి ఒక బండి దాదాపు బేరం కుదుర్చుకున్నాక, గ్లోవ్ బాక్స్ లోపలి అట్ట పెట్టె తీసి చూస్తే ఆకాశనీలం రంగు కనిపించింది. పైన చూస్తే నిగనిగలాడే నలుపు, తలుపు రేకు మీద నలుపు సంకేతం! అమ్మేవారికి కూడా ఆ సంగతి తెలియదు, ఆయనకు ముందున్న యజమాని చేసిన పని. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం, బేరం మాత్రం సాగలేదు.

సీట్ల విషయంలో పైన ఎంత చూసినా ప్రయోజనం లేదు. గుర్రాల బొమ్మలున్న రెక్సిన్‌ను ఇప్పటివారు ఎంత బాగా చేస్తున్నారంటే, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే తప్ప తేడా తెలియదు. సీటును ముందుకు జరిపి, వంగి అడుగున చూడండి. పాత సీటులో స్ప్రింగుల మీద గోనెగుడ్డ, దాని మీద దూది పొర లేదా ఇప్పటికి పసుపుపచ్చని పొడిగా రాలిపోయే నురుగు కనిపిస్తాయి. తొడుగును చట్రానికి పట్టి ఉంచే చిన్న తీగ ఉంగరాలు పాతవైతే మసకబారి, తుప్పు పట్టి ఉంటాయి. అవి మెరుస్తుంటే తొడుగు కొత్తది. కొత్తదవడం తప్పు కాదు, యాభై ఏళ్లు ఎండలో తిరిగిన రెక్సిన్ చిరిగిపోకుండా ఉండదు. అది ఎలా వేశారన్నదే చూడాలి. కుట్లు సీటు అంచుల వెంట వంకర లేకుండా సాగాలి, మూలల్లో ముడతలు ఉండకూడదు, ఎడమ సీటు మీద గుర్రాలూ కుడి సీటు మీద గుర్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి. కూర్చుంటే ఒకవైపు కుంగినట్లనిపిస్తే తుప్పుపట్టిన స్ప్రింగుల మీదనే కొత్త తొడుగు వేశారన్నమాట. వెనుక సీటు కూడా ఎత్తి చూడండి. కన్వర్టిబుల్‌లో పైకప్పు మడిచి పెట్టడానికి చోటు కావాలి కాబట్టి దాని వెనుక సీటు గట్టి కప్పు బండి సీటుకంటే ఇరుకుగా ఉంటుంది. పక్కల్లో అతుకు వేసి సరిపెట్టిన సీటు కనిపిస్తే అది మరో బండిది.

ఇంతవరకు చెప్పింది నిజానిజాల గురించి. పునరుద్ధరణ పని నాణ్యత గురించి మీరు తక్కువ అడిగారు గాని, డబ్బు పోయేది ఎక్కువగా అక్కడే కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

1965, 1966 మస్టాంగులకు అందరికీ తెలిసిన ఒక జబ్బు ఉంది. ముందు అద్దానికీ బానెట్‌కూ మధ్య జాలీలున్న అరుగు గుండా బయటి గాలి లోపలికి వస్తుంది, వాననీరు కూడా ఆ దారినే దిగి పక్కల నుంచి బయటికి పోవాలి. లోపల గాలి గొట్టాల చుట్టూ నిలబెట్టిన రేకు కాలక్రమంలో తుప్పుపట్టి తినేసుకుపోతుంది, అప్పుడు నీరు డాష్ కిందుగా కారి ముందు సీట్ల కింది కార్పెట్ మీద పడుతుంది. కార్పెట్ కింద తడి ఆరదు, నేల రేకు కుళ్లుతుంది. దీన్ని సరిగా బాగుచేయాలంటే ముందు అద్దం తీసి, ఆ అరుగు రేకు మొత్తం కోసి తీసి, కొత్తది అతికించాలి. శ్రమా ఖర్చూ ఎక్కువ కాబట్టి పైపైన పునరుద్ధరించేవారు దాని జోలికి పోకుండా కొత్త కార్పెట్ పరచి ఊరుకుంటారు. మీరు రెండు సీసాల నీళ్లు తీసుకెళ్లి, అమ్మేవారిని అడిగి, ఆ జాలీల్లో నెమ్మదిగా పోయండి. ఆ సమయంలో మరొకరు లోపల కూర్చుని డాష్ కింద రెండు వైపులా చేయి పెట్టి చూడాలి. ఒక్క చుక్క పడినా, ఆ పదేళ్ల కిందటి పని పైపైనే జరిగిందని అర్థం.

తర్వాత ముందు కార్పెట్ అంచు ఎత్తండి. కొత్త తారు పొర దట్టంగా పూసి ఉంటే సంతోషించకండి, దాని కింద అతుకులు దాగి ఉండవచ్చు. బండి కిందికి వెళ్లి అదే చోటు కింది నుంచి చూడండి, నేల రేకు మీది గాడులు పైనా కిందా ఒకేలా ఉండాలి. అయస్కాంతం పెడితే అంటుకోకపోతే అక్కడ ఉన్నది ఇనుము కాదు, ఫైబరో పుట్టీయో. కన్వర్టిబుల్‌కు పైకప్పు ఇచ్చే బలం ఉండదు గనుక ముందు సీట్ల కిందా తలుపుల కింది పెట్టెభాగంలోనూ అదనపు రేకులు వేసి గట్టిపరిచేవారు, ఆ అదనపు రేకులే ముందుగా తుప్పుకు బలవుతాయి. బలం మిగిలి ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది. ముందు చక్రాన్ని జాకీతో నేల నుంచి లేపి ఆ వైపు తలుపు తెరిచి మూయండి. తలుపు బిగుసుకుపోయినా, మూసినప్పుడు దాని వెనుక సందు పైన సన్నగా, కింద వెడల్పుగా మారినా బండి నడుం వంగుతోందన్నమాట. అలాంటి బండిలో సీట్లు ఎంత అందంగా ఉన్నా ఫలితం లేదు.

పైకప్పు గుడ్డను రెండుసార్లు మడిచి, రెండుసార్లు వేయించండి. మీటతో పనిచేసే పైకప్పు అయితే వెనుక సీటు వెనకాల ఉండే నూనె పంపు దగ్గరా రెండు పక్కల గొట్టాల దగ్గరా తడి మరకలు ఉన్నాయేమో చూడండి. వెనుక అద్దం మెత్తని ప్లాస్టిక్‌దైతే గీతలు పడటం సహజం. పైకప్పు మడిచినప్పుడు పడుకునే గొయ్యి చుట్టూ ఉన్న లోపలి గుడ్డ చిరిగి ఉంటే నీరు తిన్నగా డిక్కీ వైపు పోతుంది, దాని కింద చేయి పెట్టి తుప్పు పొడి తగులుతుందేమో చూడండి.

డాష్‌బోర్డు దగ్గర రెండు మాటలు. కొత్త రకం స్టీరియో పెట్టడానికి పాత ఏఎం రేడియో రంధ్రాన్ని కోసి పెద్దది చేశారేమో, స్పీకర్ల కోసం తలుపు పలకలకు గుండ్రటి కంతలు వేశారేమో గమనించండి. కోసిన లోహాన్ని మళ్లీ సరిచేయడం సీటు కవరు మార్చడమంత తేలిక కాదు. ఆ బండ్లలో ఫోర్డ్ వారి ఏసీ కూడా డాష్ కింద వేలాడే పెట్టెగానే వచ్చేది, మీ టెక్సస్ ఎండల్లో అది కనిపిస్తే తర్వాత తగిలించిందని వెంటనే అనుకోవద్దు. కిలోమీటర్ల బదులు మైళ్లు చూపే మీటరులో పూర్తి మైళ్లకు ఐదంకెలే ఉంటాయి, లక్ష దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి 43,000 అని కనిపిస్తే 1,43,000 కూడా కావచ్చు. మీటరు మీది అంకె కంటే బ్రేకు పెడలు రబ్బరు అరుగుదల, స్టీరింగు అంచు అరుగుదల నమ్మదగినవి. అవి రెండూ కొత్తవైతే ఇక ఆ మీటరును లెక్కలోకి తీసుకోకండి.

పదేళ్ల కిందటి పనికి బిల్లులు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు అడగండి. ముఖ్యంగా సీట్లు విప్పి నేల రేకు బయటపడినప్పటి ఫోటోలు అడగండి. నిజంగా పని చేయించినవారు వాటిని దాచుకుంటారు, గర్వంగా చూపిస్తారు. ‘ఫ్యాక్టరీ పోనీ ఇంటీరియర్’ అన్న మాటను అమ్మకం పత్రంలో రాసివ్వమని అడిగితే కూడా చాలా తెలుస్తుంది. అన్నీ చూశాక అది రెండవ రకమని తేలితే, పని బాగుంటే, కొంత ఎక్కువ పెట్టి కొనవచ్చు. మూడవ రకమైనా బండి గట్టిగా ఉంటే సాదా బండి ధరకు కొని, గుర్రాల మీద ఆనుకుని హాయిగా తిరగండి.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. 1966 మస్టాంగ్ కన్వర్టిబుల్ నా దగ్గర ఉంది, తలుపు రేకు మీద 76ఎ, 26. డ్రైవర్ సీటు రెక్సిన్ చిరిగింది, మిగతావన్నీ పాతవే, బాగున్నాయి. సీట్లు కుట్టేవారు ఎలాగూ మారుస్తున్నారు కదా, మొత్తం గుర్రాల తొడుగులు వేద్దామంటున్నారు. వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: వద్దండీ. మీ గుర్తింపు సంఖ్యలో రెండవ అక్షరం టి అయితే ఆ బండి మెటుచెన్ ఫ్యాక్టరీలో తయారైందన్నమాట. ఆ ఫ్యాక్టరీ పేరు మెటుచెన్ అయినా ఉన్నది మీ ఎడిసన్‌లోనే, 2004లో మూతపడింది. సొంత ఊరిలో పుట్టి, సొంత సీట్లతో ఇన్నేళ్లు నిలిచిన బండి ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి! చిరిగిన ఒక్క సీటుకే 1966 సాదా నమూనా తొడుగు తెప్పించండి. 1965, 1966 సాదా సీట్ల మీది కుట్టు వరుసలు వేర్వేరు కాబట్టి ‘65–66’ అని కలిపి చెప్పే అమ్మకందారును సంవత్సరం స్పష్టంగా అడగండి. పాత సీట్ల నలుపు కొంత వెలిసి ఉంటుంది కనుక మొదట్లో కొత్తది వేరుగా కనిపిస్తుంది, దాన్ని భరించండి. విప్పిన పాత తొడుగును పారేయకుండా మడత పెట్టకుండా చుట్టి దాచండి. సీటు విప్పేటప్పుడు మీరు దగ్గరుండండి, ఎందుకంటే స్ప్రింగుల మధ్య, కార్పెట్ కింద ఫ్యాక్టరీవారి పని కాగితాలు ఇరుక్కుపోయి దొరకడం కద్దు. కుట్టేవారు వాటిని చెత్త అనుకుని ఊడ్చేస్తారు. ఒకవేళ మీ బండిది దొరికితే తలుపు రేకు కంటే అదే గట్టి సాక్ష్యం. సీటు బెల్టులు పాతవే ఉంటే వాటి చీటీల మీద తేదీ చూసి భద్రపరచండి గాని, ఆ పాత నేతను నమ్మి బండి నడపకండి.

ప్రశ్న: మా తాతగారి మోరిస్ మైనర్ కన్వర్టిబుల్ హైదరాబాద్‌లో మా ఇంట్లోనే ఉంది, 1950లలో రిజిస్టరైంది. దానిని వింటేజి వాహనంగా రిజిస్టరు చేయించాలనుకుంటున్నాం. సీట్లకు కొత్త లెదర్, నేలకు కొత్త కార్పెట్ వేయిస్తే ‘అసలు రూపం’ పోయిందని కాదంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉంచిన వాహనాన్ని వింటేజి అంటారు. ఛాసిస్‌లో, బాడీ చట్రంలో, ఇంజనులో మార్పు వంటి పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. సీట్ల గుడ్డ, కార్పెట్ ఆ జాబితాలో లేవు, కాబట్టి వాటి వల్ల దరఖాస్తు ఆగుతుందని భయపడనక్కర్లేదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము రూ. 20,000, సంఖ్యలో రాష్ట్ర సంకేతం తర్వాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి, ఆ తర్వాత బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లవచ్చు గాని రోజువారీగా తిప్పకూడదు.

మీరు చూసుకోవలసింది వేరే ఉంది. గట్టి కప్పు మోరిస్ మైనర్లను కోసి కన్వర్టిబుల్‌గా మార్చినవి చాలా ఉన్నాయి, అది బాడీ చట్రంలో మార్పే. తాతగారు కొన్నప్పటి పాత ఆర్సీ పుస్తకంలో బండి రకం ఏమని రాశారో ముందు చదవండి. తర్వాత కార్పెట్ తీసినప్పుడు తలుపుల కింది పెట్టెభాగంలో అదనపు బలానికి వేసిన రేకులు ఉన్నాయో లేదో పాత మోరిస్ పని తెలిసిన మెకానిక్‌తో చూపించండి. లెదర్ పని మొదలుపెట్టకముందే, పాత సీట్లతో ఉన్న బండిని నాలుగు వైపుల నుంచీ, లోపల నుంచీ ఫోటోలు తీసి, పాత సీటు గుడ్డ జానెడు ముక్క ఒకటి ఆ ఫోటోలతో పాటు ఆర్సీ సంచిలో పెట్టుకోండి.